రెండువందల పేజీల పద్దుబుక్కు

పార్సిగుట్టల గిర్ని మీది అర్ర మాది.
పొద్దున ఆరింటికి కింద మొగులయ్య బెల్టు ఎక్కిస్తడు,
ఇగ రాత్రి దాక
మా గోడలు, గ్లాసుల నీళ్లు, మాటలు
సన్నగ వణుకుతుంటయి.

పెండ్లి కార్డుల ప్రెస్సు మూతవడ్డ నాడు
జీతం బాకీ కింద నాన్న తెచ్చుకున్నది
మూడు చెక్క ఫ్రేములు, ఒక రబ్బరు పట్టీ,
సగం ఎండిన నల్లరంగు డబ్బా.
"గివి ఏం జేసుకుంటవ్ బావా?" అన్నడు మేనమామ.
నాన్న జవాబు చెప్పలే.
ఫ్రేములు గోడకు ఆనిచ్చి
చాయ్ తాగిండు.

అమ్మ మాత్రం మర్నాడు చిలకలగూడ పోయి
రెండువందల పేజీల పద్దుబుక్కు కొన్నది.
గట్టి అట్ట, ఎర్రగుడ్డ వెన్ను.
మొదటి పేజీల పసుపు చుక్క పెట్టి, శ్రీ రాసి,
కింద ఒక్కటే పద్దు:
ఈ బుక్కుకు, తొంభై అయిదు రూపాయలు. ఖర్చు.
మిగిలిన నూటతొంభైతొమ్మిది పేజీలు చూసి
నాకు నవ్వొచ్చింది.
తర్వాత భయమైంది.

కథ నాయనమ్మది.
చీకటిని మింగిన పుంజు కథ.
నోరు తెరిచి కూస్తే చీకటంత బయటపడుతదని
అది కూయదు, అది కూయక తెల్లారదు.
ఒక్కోసారి ఒక్కోతీరు చెప్తది ముసల్ది,
ఏది అచ్చెయ్యాల్నో తెలువక
మూడు రాత్రులు కొట్లాడుకున్నం.
బొమ్మలు చెల్లె నవత వేసింది.
పుంజు కొంచెం మా మేనమామ లెక్క వచ్చింది.

రెండో పేజీ అంత చీకటే.
యాభై కాయిదాలు.
నాన్న పట్టీ వట్టి ఒక్క గుంజుడు గుంజితే
నలుపు నిండుగ దిగింది.
దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసినం.
కిటికీ మూసుడు మర్శిపోయినం.
మర్శింది నేనే.
ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పలే.

కింద ఆ రోజు జొన్నలు పట్టిండు మొగులయ్య.
తెల్లారి లేస్తే
తడి నలుపు మీద పిండి.
ఊదితే పోదు, తుడిస్తే అలుక్కపోతది.
నాన్న ఏమనలే.
ఒక్కో కాయిదం తీసి, నాలుగు మడతలు వెట్టి
మూలకు పడేస్తున్నడు.
ఇరవై రెండోదో మూడోదో అప్పుడు
నాయనమ్మ మంచి కన్ను దగ్గరికి తెచ్చి చూసి
"మా ఊరి మొగులు గిట్లనే ఉండె" అన్నది.
"పట్నమొచ్చి నలభై ఏండ్లాయె, గిన్ని చుక్కలు మల్ల చూడలే."

నాన్న చెయ్యి ఆగింది.
మడతవెట్టినయన్ని విప్పి
బియ్యం డబ్బా కింద పెట్టి సాపు జేసినం.
ఆ మడతలు ఇంకా ఉన్నయి వాటిల.
అమ్మ సూదీదారంతో కుట్టింది,
రవికలకు కుట్టినంత సన్నగ.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద
పాత ఇంజినీరింగు పుస్తకాల పక్కన
దుప్పటి పరిచి కూసున్నం.
ముప్పై అంటె పదిహేనుకు అడిగి
పదిహేనంటె నవ్వి పోయిండ్రు కొందరు.
ఒక చిన్నపిల్ల మాత్రం
చీకటి పేజీ మీద వేలు రుద్ది, వాసన చూసి
"అమ్మీ, రోటీ" అన్నది.
వాళ్లమ్మకు తెలుగు చదువరాదు.
కొన్నది.

పొద్దుగూకే సరికి పోయినయి నాలుగు.
నూటఇరవై రాబడి.
బస్సుకు, చాయ్‌లకు నూటనలభై.
అమ్మ రెండూ రాసింది, కింద గీత గీయలే.
గీత గీస్తే అయిపోయినట్టట.

ఇప్పుడు నలభై ఒకటో పేజీల ఉన్నం.
ఇంకా ఖర్చే ముందు నడుస్తున్నది,
రాబడి పిల్లగాని లెక్క
వెనకనుంచి పిలుసుకుంట వస్తున్నది.
చీకటి పేజీ అచ్చేసిన నాడు
నాన్న జల్లెడ వట్టుకుని కిందికి దిగుతడు.
మొగులయ్య పైసలు తీసుకోడు.
"నా పిండిని మీరు పుస్తకం జేస్తిరి,
నాకు చదువొస్తే సదివేటోణ్ని" అంటడు.

రాత్రిపూట కిటికీ మూసే పని
ఇప్పటికీ నాదే.
ఒక రెక్క మూస్త.
ఇంకో రెక్క మర్శిపోత.